రాహుకాలంలో కదలని రాణి

మంచి పని మొదలుపెట్టే ముందు రాహుకాలం చూడనివాళ్లు మీలో ఎంతమంది ఉన్నారు? సిగ్గుపడకండి, నేనూ చూసినవాడినే. మా బలసముద్రం చేలల్లో సోలార్ పలకలు పరుస్తున్న ఆ రోజుల్లో, ఎండను కరెంటు చేసి అమ్మడం నేర్చిన ఊరు, అదే సూర్యుణ్ణి వెంటాడే పాముకు మాత్రం వణకడం మానలేదు. మా మేనమామ భూమిని లీజుకిచ్చేటప్పుడు కూడా రాహుకాలం దాటాకే సంతకం పెట్టాడు. (కంపెనీవాళ్లు జీపు నీడన నిలబడి కాచుకున్నారు. లోకమంతా తనకోసం ఆగుతుందని ఆయనకు అప్పుడే నమ్మకం కుదిరింది.)

పావగడలో తాలూకా జూనియర్ చదరంగం పోటీ ఆదివారం పడింది. గెలిస్తే తుమకూరులో జిల్లా పోటీ. నిద్రలో కూడా ఎత్తులు వేసేంతగా నాకు దానిమీద ఆశ. పొద్దున బస్సులోనే మామ హెచ్చరించాడు: "నాలుగున్నర నుంచి ఆరు దాకా కాయ ముట్టుకోవద్దప్పా. ఆ యాళలో గెలిచినా నిలవదు, తుమకూరు పోయే బస్సు దావలోనే బోల్తా పడతాది. ఎవరన్నా అడిగితే ఆలోచన చేస్తా ఉండానను."

ఆఖరి ఆట నాగలమడిక ఊరి అమ్మాయితో. సరిగ్గా నాలుగున్నరకు ఆమె రాజు మూలన చిక్కాడు. నా రాణిని ఒక్క గడి జరిపితే ఆట కట్టు. చెయ్యి ఎత్తాను. కిటికీ అవతల మామ తల అడ్డంగా ఊపాడు. నా వంతు గడియారంలో మిగిలింది పది నిమిషాలేనని, అవి అయిపోతే ఓటమేనని ఆయనకు తెలీదు. నాకు తెలుసు. అయినా చేతులు ఒళ్లో పెట్టుకున్నాను.

"ఏందప్పా, నిద్రపోతివా?" అంది ఆ అమ్మాయి.

"ఆలోచన చేస్తా ఉండా."

"ఈడ ఆలోచన చేసేదానికి ఏముండాది? నాకే కనపడతా ఉండాది. ఆ రాణిని జరిపితే అయిపోతాది, నేను పోయి బస్సు పట్టుకోవాల."

గెలవమని ప్రత్యర్థే బతిమాలిన ఆటగాణ్ణి మా తాలూకాలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. గడియారం సున్నా చూపింది. పోటీ నడిపే మేష్ట్రు వచ్చి ఆమె గెలిచిందని ప్రకటించాడు. ఆమె నవ్వలేదు, జాలిగా చూసింది. అదే ఎక్కువ కాల్చింది.

తిరుగు దారిలో మామ తీర్పు చెప్పాడు: "చూసినావా? రాహుకాలంలో ఆట పెట్టుకుంటే ఇట్లే అయితాది." నేను నిజమేనని తలూపాను. ఓడగొట్టిన మూఢనమ్మకమే ఓటమికి సాక్ష్యం పలికితే, దానికి తలూపిన ఆ మొద్దబ్బాయి మీద కోపం రావాలి. వయసు పెరిగేకొద్దీ నవ్వే వస్తోంది, కొంచెం దిగులుగా.

మీరు మాత్రం నవ్వి ఊరుకోకండి. మీ పిల్లలు బల్ల ముందు కూర్చున్నప్పుడు ఆ కిటికీ వదిలి అవతలికి పోండి. ఎప్పుడు ఎత్తు వేయాలో వాళ్లనే తేల్చుకోనివ్వండి.