కారు బ్యాటరీ ఎందుకు దిగిపోయేదంటే

ఈ పొద్దున తాళం తిప్పగానే కారు ఒక్క దగ్గు దగ్గి స్టార్టయింది. దాంతో నా తెలివితక్కువతనం మళ్ళీ గుర్తొచ్చింది. బ్యాటరీ ఎందుకు దిగిపోతోందో తెలుసుకోవడానికి నేను కారంతా వెతికాను, ఒక్క చోట తప్ప. ఆ ఒక్క చోటా మరిచిపోయి వదిలేసింది కాదు.

మా ఆవిడ పోయాక కారుతో పెద్దగా పని లేకపోయింది. అంతకు ముందు రోజూ ఆస్పత్రికి తీసుకెళ్ళి తీసుకొచ్చేవాణ్ణి. తర్వాత ఎప్పుడో గోల్‌బజార్‌కి, అదీ ఇంట్లో ఉల్లిపాయలు కూడా అయిపోతే. తీరా వెళ్దామని కూర్చుంటే కారు కిక్కురుమనేది కాదు. కొత్త బ్యాటరీ వేయించాను. అదీ అంతే. రైల్వే ఆఫీసులో ఛార్జ్ అప్పగించి ఇంటికొచ్చినవాణ్ణే గానీ ఛార్జ్ ఎక్కించడం ఎరిగినవాణ్ణి కాను. కారు డౌన్, నేను డౌన్, ఖరగ్‌పూర్‌లో ఉంటూ మా ఇంట్లో అప్ బండి అన్నదే లేకుండా పోయింది. ఈ మాట ఆవిడకి చెబితే నవ్వుతుందని వెనక్కి తిరిగాను కూడా. వంటింట్లో కుళాయి కారుతోంది. కట్టేసి వచ్చాను.

మా ఆవిడ తమ్ముడు సుభాష్‌పల్లిలో ఉంటాడు. వర్క్‌షాపులో రైలు పెట్టెలకి లైట్లూ ఫ్యాన్లూ బిగించి బిగించి రిటైరయ్యాడు. ఆదివారం సైకిలు మీద వచ్చి, దిగకుండానే గేటు దగ్గర్నుంచి రోగం చెప్పేవాడు.

“ఏటి బావా, మళ్ళీ తలుపు సరిగ్గా ఎయ్యలేదేటి?”

“వేశాను.”

“లోపల లైటో?”

“ఆర్పాను.”

“అయితే కరెంటు నువ్వే తినేస్తన్నావు. మనిసిని సూస్తే అలాగ లేవు మరి.”

మలంచాలో మెకానిక్కు బ్యాటరీకి మీటరు తగిలించి ఫ్యూజులు ఒక్కొక్కటే పీకి చూశాడు. ఏది పీకినా ముల్లు దిగలేదు. ఫ్యూజుతో సంబంధం లేకుండా ఏదో వైరు నేరుగా బ్యాటరీని తాగుతోందన్నాడు. “కాకూ, గాడి రేఖే జాన్,” అన్నాడు. బండి ఉంచి వెళ్ళాలట, డాష్‌బోర్డు విప్పాలట. రేపు తెస్తానని చెప్పి ఇంటికొచ్చేశాను. మళ్ళీ వెళ్ళలేదు.

డాష్‌బోర్డు విప్పాలంటే ముందు ఎడమవైపు అర ఖాళీ చెయ్యాలి. ఆ సీటు ఆవిడది, ఆ అరా ఆవిడదే. అందులో కళ్ళజోడు, సోంపు పొట్లం, అగరొత్తులు, ఒక అమ్మవారి పటం. దేవుళ్ళని కళ్ళెదురుగా పెడితే నా చూపు రోడ్డు మీద నిలవదని ఒకప్పుడు పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. ఆవిడ అమ్మవారిని అరలో కూర్చోబెట్టి మూత వేసింది. ఆవిడ పోయాక నేను ఆ మూత తియ్యలేదు. భయమూ కాదు, దుఃఖమూ కాదు. చెయ్యి అటు వెళ్ళేది కాదు, అంతే.

ఇంకొక వింత. కారు తలుపు తీస్తే ఒక్కోసారి వెచ్చగా అగరొత్తుల వాసన వచ్చేది. ఆవిడ వాసన కదా, వస్తుందిలే అనుకునేవాణ్ణి. బ్యాటరీ చచ్చిన రోజు ఆ వాసన ఉండేది కాదు. అదీ గమనించాను. రెండిటికీ ముడి మాత్రం వేసుకోలేదు.

చివరికి బామ్మర్ది, “అమ్మేద్దాం బావా, దీన్ని సూస్తే నాకే నీరసం వొస్తంది,” అని వాళ్ళ వీధిలో ఉండే ఒక బెంగాలీ మాస్టారిని ఒప్పించాడు. ఠీక్ హై అన్నాను. అప్పుడూ ఏమీ అనిపించలేదు. మాస్టారు వచ్చే రోజు పొద్దున బ్యాటరీకి ఛార్జ్ పెట్టించి, సామాను తియ్యడానికి మొదటిసారి ఎడమ సీట్లో కూర్చుని మూత తీశాను.

లోపల దీపం వెలుగుతోంది.

బొటనవేలంత పసుప్పచ్చ బల్బు, అమ్మవారి పాదాల దగ్గర. పక్కన అగరొత్తుల పొట్లం వెచ్చగా ఉంది. ఆవిడ కళ్ళజోడు అద్దాల్లో ఇంకో రెండు దీపాలు. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. మాస్టారిని వెంటబెట్టుకుని వచ్చిన బామ్మర్ది తల లోపలికి పెట్టి చూసి నాలిక్కరుచుకున్నాడు.

“నేనే బిగించినాను బావా. మర్సిపోయినాను.”

“ఎప్పుడు?”

“మాతా పూజలప్పుడు, మనోళ్ళ అమ్మోరి పండక్కి. నువ్వు తొంగున్నావు. అమ్మవారిని సీకట్లో ఉంచకూడదురా, దీపం ఆరకూడదు అంది మా అప్ప. రైలు పెట్టెల్లో ఇచ్చినట్టే బ్యాటరీకి డైరెక్టుగా ఇచ్చేసినాను.”

“తాళం తీస్తే ఆరిపోయేలా పెట్టొచ్చు కదా!”

“టేసన్లో బండాగితే లైటు తీసేస్తామేటి, పాసింజర్లు ఊరుకుంటారా? బండి నడిస్తే అదే ఎక్కుద్ది ఛార్జ్. రోజూ నడిసే బండే కదా అనుకున్నాను.” పటం వైపు చూస్తూ, “ఆగిపోద్దని ఎవుడనుకున్నాడు బావా,” అన్నాడు.

కారు అమ్మడం లేదని మాస్టారికి చెప్పాను. ఆయన టీ తాగి మర్యాదగా వెళ్ళిపోయాడు. బామ్మర్ది కటింగ్ ప్లయరు తెచ్చాడు. వద్దన్నాను. పోనీ స్విచ్చి పెడతానన్నాడు. అదీ వద్దన్నాను.

“మరేటి సేద్దాం?”

“నడుపుదాం. నువ్వు ఎక్కు.”

ఇంతకాలం నేనే కరెంటు తింటున్నానన్నవాడి మీద నా పగ అలా తీర్చుకుంటున్నాను. రోజూ పొద్దున్నే అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని మలంచా రోడ్డు మీదుగా గోల్‌బజార్ దాకా తిప్పుతాను. పట్టాలు లేని బండి మీద అతనికి నమ్మకం లేదు, నా డ్రైవింగు మీద అసలే లేదు. పై పిడి పట్టుకుని, లేని బ్రేకు తొక్కుతూ, “అప్ప ఎలాగ కూకునేదో,” అంటాడు. దీపానికి ఛార్జ్ చాలదని చెప్పి ఇంకో చుట్టు తిప్పుతాను. ఒకప్పుడు ఆస్పత్రికి వేళకి చేరాలని ఇదే రోడ్డు మీద ప్రతి ఆటోనీ తిట్టుకునేవాణ్ణి. ఇప్పుడు ఆటోలన్నిటికీ దారిస్తున్నాను. అప్పుడు ఏ మాత్రం చాలని పొద్దు, ఇప్పుడు ఎంత తిరిగినా తరగడం లేదు.