తొందర మలుపు

మా వీధిలో "బెండు తీస్తాను" అంటే ఎవరూ భయపడని మనిషి ఒక్కడే. ఆ మాట ఆయన రోజుకు పదిసార్లు అంటాడు, అన్నట్టే తీస్తాడు కూడా, సైకిలు చక్రాలకు. అందుకే ఆయనకు బెండాయన అనే పేరు స్థిరపడిపోయింది. ఆయన కొట్టుకూ నా సెలూన్‌కూ మధ్య ఒకటే గోడ. ఇరవై రెండేళ్ళుగా నా కత్తెర చప్పుడు ఆయనకూ, ఆయన స్పోకుల మోత నాకూ వినబడుతూనే ఉన్నాయి.

ఆయన పని చేసే తీరు చూడాలి. చక్రాన్ని స్టాండుకు బిగించి, తిప్పి, ఒక్కో స్పోకునూ గోటితో మీటుతాడు. మోత తేడాగా వస్తే అక్కడ పావు చుట్టు బిగిస్తాడు, లేదా వదులు చేస్తాడు. కళ్ళు మాత్రం వీధి మీద ఉంటాయి. చక్రాన్ని చెవితో చూసే మనిషి. ఎవరైనా నిలబడి గోల పెడితే ఆయనకు చిర్రెత్తుకొస్తుంది. "ట్యూబుకు అతుకు అంటించాను, ఆరాలి. గమ్ము నీ మాటా వినదు, నా మాటా వినదు. రేపు రా" అని పంపేస్తాడు. ఎంత పెద్ద మనిషైనా సరే, రేపు రావాల్సిందే.

నేను నోరు ఊరుకోని మనిషిని. కత్తెర కన్నా నాలుకే ఎక్కువ ఆడుతుందని మా ఆవిడ అంటుంది. ఈ కథలో ఆ నాలుక చేసిన నిర్వాకం కూడా ఉంది కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

ఏటా ఆ పెద్ద సైకిలు రేసు వచ్చిందంటే ఎనిమిది రోజులు బెండాయన కొట్టే మాకు స్టేడియం. ఆసియాలో ఎన్నో దేశాల జట్లు వచ్చి తొక్కే రేసది. రోజుకో ఊరి నుంచి ఇంకో ఊరికి, ఒకరోజు చదును దారి, ఒకరోజు కొండ. ఎనిమిది రోజుల టైమూ కలిపితే ఎవరికి తక్కువ పడితే వాళ్ళదే గెలుపు. లెక్కల మాస్టారు తన పాత టీవీ తెచ్చి టైర్ల కట్టల మధ్య పెట్టారు. ఎవరు ఎవరికన్నా ఎన్ని సెకన్లు వెనకబడ్డారో ఆయన నోటుబుక్కులో రాస్తారు. రిటైరైనా చేతికి ఎర్ర పెన్ను అలవాటు పోలేదు. ఇంకొకడు రొట్టెల వ్యాను నడిపేవాడు. వంద కిలోలుంటాడు, మేం బక్కోడు అంటాం. కొండ ఎక్కేవాళ్ళంటే వాడికి పడదు, చివరి రెండొందల మీటర్లు బాణంలా దూసుకుపోయేవాళ్ళే మొనగాళ్ళంటాడు. మాస్టారు ఒప్పుకోరు. నేను ఎవరు ఓడుతుంటే వాళ్ళ వైపు మాట్లాడతాను. బెండాయన మాత్రం ఏమీ అనడు. టీవీకి వీపు పెట్టి పని చేసుకుంటూ మా మాటలు వింటుంటాడు.

ఆయన అసలు మాట్లాడకపోవడానికి కారణం మాకు తెలుసు. తెలుసనుకున్నాం.

ఏడేళ్ళ కిందట ఆ రేసులో ఆయన మేనల్లుడు తొక్కాడు. పెళ్ళాం పిల్లలు లేని బెండాయనకు అక్క కొడుకే లోకం. నడక కన్నా ముందు ఆ కొట్లో చక్రం పట్టుకుని నిలబడ్డాడు, అక్కడే తొక్కడం నేర్చాడు, జట్టులో చేరాడు. "మా మావయ్య లాంటి చెయ్యి ఎక్కడా లేదు" అని జట్టువాళ్ళ చెవిలో ఇల్లు కట్టుకుని పోరి, ఆ ఏడు ఆయన్నీ మెకానిక్కుగా తీసుకెళ్ళాడు. ఐదో రోజు కొండ ఎక్కేటప్పుడు మావాడు గుంపును వదిలి ఒంటరిగా ముందుకు పోయాడు. ముప్పై ఎనిమిది సెకన్ల తేడా అని మాస్టారు రాసుకున్నారు. మేం గొంతులు పోయేలా అరిచాం. దిగేటప్పుడు మూడో మలుపులో సైకిలు గోడకు తగిలింది, మనిషి గోడ దాటి లోయలో పడ్డాడు. ఇరవై నాలుగేళ్ళు.

మలుపులో వేగం ఎక్కువైందని జట్టువాళ్ళు కాగితం రాసేశారు. మేం ఊరుకుంటామా? ఏళ్ళ తరబడి చర్చించాం. గాలి అన్నాడు బక్కోడు. బ్రేకు ఆలస్యంగా పట్టాడన్నారు మాస్టారు. నేను మాత్రం ఒక్క ముక్కలో తేల్చేశాను, "తొందరపడ్డాడు" అని. మరుసటేడు రేసు అదే దారిన వెళ్తుంటే, "అదిగో తొందర మలుపు వచ్చింది" అన్నాను. బక్కోడు దాన్ని తన ఫోన్ గ్రూపులో పెట్టాడు. ఎక్కడెక్కడి సైకిలు పిచ్చోళ్ళో ఉంటారందులో. మూడో ఏటికల్లా టీవీలో వ్యాఖ్యానం చెప్పేవాడు కూడా అదే పేరు వాడాడు. ఆ రోజు నేను అందరికీ టీ పోయించాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, గర్వపడ్డాను.

బెండాయన అక్కను మేమంతా అక్కా అనే పిలుస్తాం. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట పని. ఆవిరికి ఆవిడ చేతులు ఎప్పుడూ ఉడికినట్టు ఉంటాయి. మధ్యాహ్నం ఒంటి గంటకు, తన విరామంలో, తమ్ముడికి క్యారేజీ తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్తుంది. ఆ వేళకు ఆయన చేతులు కడుక్కుని సిద్ధంగా ఉంటాడు. కొడుకు పోయాక కూడా ఒక్కరోజు మానలేదు. "నాకు ఇంకెవరున్నారు, వీడు తప్ప" అనేది. రేసు రోజుల్లో వచ్చినా టీవీ వైపు చూడదు. మేమూ ఆవిడ వచ్చే వేళకు గొంతు తగ్గించేవాళ్ళం.

పోయిన ఏడు ఐదో రోజున గొంతు తగ్గించడం మరిచిపోయాను.

అదే కొండ, అదే దిగుడు. మూడో మలుపులో ఇప్పుడు గోడకు పరుపులు కట్టారు. ఎవడో కుర్రాడు తిన్నగా పోయి పరుపుకు గుద్దుకున్నాడు, లేచి దులుపుకుని మళ్ళీ ఎక్కాడు. "అదిగో, ఇంకో తొందరోడు!" అని నేను అరిచాను. బక్కోడు పగలబడి నవ్వాడు. మాస్టారు నవ్వలేదు. ఆయన గుమ్మం వైపు చూస్తున్నారు. అక్క క్యారేజీ పట్టుకుని నిలబడి ఉంది.

"ఆ పేరు పెట్టింది నువ్వేనటగా, తమ్ముడూ?" అంది నాతో.

"అక్కా, అదేదో... ఊరికే..." అన్నాను.

"కంగారుపడకు. సరిగ్గానే పెట్టావు." క్యారేజీ బల్ల మీద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది. "వాడికి తొందర నేర్పింది నేనే. పొద్దున్న ఆరింటికల్లా డ్యూటీలో ఉండాలి నేను. తండ్రి లేని పిల్లాడు. కళ్ళు తెరవగానే మొదలుపెట్టేదాన్ని. తొందరగా లే. తొందరగా తిను. తొందరగా తొడుక్కో. పన్నెండేళ్ళు రోజూ అదే పాట. నిదానంగా తినరా నాన్నా అని ఒక్క పొద్దున కూడా అనలేదు. ఆ మలుపులో కూడా వాడి చెవిలో నా మాటే మోగుంటుంది. అదే వాణ్ణి తోసేసింది."

ఆవిడ ఏడవలేదు. ఎన్నోసార్లు తనకు తాను చెప్పుకున్న మాటలు కాబట్టి తడబడకుండా వచ్చాయి. మాస్టారు నోటుబుక్కు మూసేశారు. అప్పుడు గమనించాను, స్పోకుల మోత ఆగిపోయింది.

"అక్కా" అన్నాడు బెండాయన. "తొందర వాడిది కాదు."

స్టూలెక్కి అటక మీద నుంచి గోనె చుట్టిన మూట దించాడు. విప్పితే ఒక చక్రం, ఒక పక్క నలిగిపోయి ఉంది. టైరు లేదు. అది ఎవరిదో అడగక్కర్లేదు.

"ఆ రేసు టైర్లు మన టైర్ల లాంటివి కావు. రిమ్ముకు గమ్ముతో అంటించాలి. మూడు పూతలు. పూత ఆరాకే పూత. అంతా అయ్యాక ఒక రోజు ముట్టుకోకూడదు." నేల చూస్తూ చెబుతున్నాడు, పాఠం అప్పజెప్పినట్టు. "ముందు రోజు, కొండెక్కడానికి వాడు వేసుకునే తేలిక చక్రం టైరు చిరిగింది. పొద్దున్నే కొత్తది అంటించాను. ఒక్కటే పూత. బయల్దేరడానికి రెండు గంటలే ఉన్నాయి. బొటనవేలితో ఒక చోట నొక్కి చూశాను. కదల్లేదు. చుట్టూ నొక్కి చూడాలి. చూడలేదు."

"వాడికి తెలియదా?" అని అడిగింది అక్క.

"వాడు కొట్లో పెరిగినవాడు, తెలియకేం? 'మావయ్యా, ఆరిందా?' అన్నాడు. రెండుసార్లు అడిగాడు. 'పోనీ బరువు చక్రమే వేసుకుని పోతాను, కొంపలేం మునిగిపోవు' అన్నాడు. అప్పటిదాకా జట్టులో మొనగాడి గెలుపు కోసమే తొక్కేవాడు. నీ కోసం నువ్వు తొక్కుకోరా అని జట్టువాళ్ళు వాణ్ణి వదిలిన మొదటి రోజది. వాడు తేలిక చక్రం మీద పోతే చూడాలని నాకే ఆత్రం. 'ఆరింది, పోరా' అన్నాను."

టీవీలో ఎవరో గెలిచారు. జనం కేకలు వినబడుతున్నాయి. బక్కోడు లేచి దాని గొంతు నొక్కేశాడు.

"వాడు పోయాక జట్టు మేనేజరు అడిగాడు, టైరు సరిగ్గా అంటించావా అని. అంటించానన్నాను. అయితే గోడకు తగిలినప్పుడే ఊడి ఉంటుందనుకున్నారు. సంతకం పెట్టాను." అప్పుడు మా వైపు తిరిగాడు. "ఆరేళ్ళు కూర్చుని మాట్లాడారు మీరు. గాలన్నారు, బ్రేకన్నారు, తొందరన్నారు. ఎవరో ఒకరు టైరు మాట ఎత్తుతారని కాచుకుని కూర్చున్నాను. ఎత్తితే ఒప్పేసుకుందామని. ఒక్కడూ ఎత్తలేదు."

మాకెందుకు తట్టలేదంటే, ఆ చెయ్యి పొరపాటు చేస్తుందని కలలో కూడా అనుకోలేదు. రేపు రా, రేపు రా అని ఊరందర్నీ తిప్పిన మనిషి, తన సొంత మేనల్లుడి దగ్గర ఒక్క రోజు ఆగలేకపోయాడు.

అక్క చక్రాన్ని ఒళ్ళోకి తీసుకుంది. ఆయన వేలితో చూపించాడు. "సరిగ్గా అంటిన టైరును లాగితే అడుగు గుడ్డ చిరుగుతుంది. పోగులు రిమ్మునే పట్టుకుని ఉంటాయి. చూడు. ఇక్కడ ఒక్క పోగు లేదు. మలుపులో వంగగానే జారి ఊడిపోయింది."

ముప్పై ఏళ్ళు దుప్పట్ల చిరుగులు తడిమిన వేళ్ళు ఆవిడవి. రిమ్ము చుట్టూ మొదటి నుంచి చివరిదాకా తడిమింది. మళ్ళీ తడిమింది. పోగు దొరకలేదు.

"ఆగుతానన్నాడా?" అంది.

"అన్నాడు."

"నా కొడుకు ఆగుతానన్నాడా?"

"అన్నాడక్కా."

ఆవిడ ముఖంలో ఒక్క క్షణం ఏదో వెలుగు లాంటిది వచ్చింది. ఆ వెలుగు చూడటం నాకు ఏడుపు కన్నా కష్టమైంది. తరువాత ఆవిడ చూపు బల్ల మీది క్యారేజీ మీద పడింది.

"ఆరేళ్ళు నా చేతి ముద్ద నీకెలా మింగుడుపడిందిరా?"

ఆవిడ ఒక చేత్తో చక్రం, ఇంకో చేత్తో క్యారేజీ పట్టుకుని మెట్లు దిగింది. నేను వెంట వెళ్ళాను. నా సెలూన్ గుమ్మం ముందు ఆగి, నా వైపు చూడకుండానే అంది, "ఆ పేరు తీయించెయ్, తమ్ముడూ." తీయిస్తానన్నాను. నోటికి అలవాటే కదా, మాట ఇచ్చేయడం.

ఆ సాయంత్రమే బక్కోడి చేత గ్రూపులో రాయించాను. కుర్రాడు తొందరపడలేదు, టైరు ఊడింది, ఆ పేరు ఇక వాడొద్దు అని. పళ్ళికిలించే బొమ్మలు వచ్చాయి. పాపం మెకానిక్కుల మీద పడ్డారేంటి అని ఒకడు రాశాడు. రుజువేదీ అని ఇంకొకడు. మాస్టారు టీవీ వాళ్ళకు చక్కని దస్తూరీతో రెండు పేజీల ఉత్తరం పంపారు. అటు నుంచి ఉలుకూ లేదు పలుకూ లేదు. ఈ ఏడు రేసులో ఐదో రోజు ఆ వ్యాఖ్యాత మళ్ళీ అన్నాడు, "ఇక వస్తోంది తొందర మలుపు" అని. నేను పెట్టిన పేరే, నా సెలూన్‌లో, నా ఫోనులో వినిపించింది. గడ్డం సగం గీసిన మనిషిని అలాగే వదిలేసి కాసేపు బయట నిలబడ్డాను.

అక్క ఇప్పుడు పొద్దున్న పరుగులు పెట్టడం లేదు. నిదానంగా నడుస్తుంది, డ్యూటీకి ఆలస్యంగా చేరి మాటలు పడుతోందట. మా వీధిన రాదు, పై వీధి చుట్టు తిరిగి పోతుంది. ఒకసారి నేనే ఎదురెళ్ళి, "ఆయన బాగా చిక్కిపోయాడక్కా" అన్నాను. "పేరు తీయించావా?" అని అడిగింది. తల దించుకున్నాను. ఆవిడ దారిన ఆవిడ పోయింది.

టీవీని మాస్టారు తీసుకెళ్ళిపోయారు. బెండాయన ట్యూబులకు అతుకులు అంటించడం మానేశాడు, చక్రాలు మాత్రం చూస్తున్నాడు. నేను రెండుసార్లు తిండి పట్టుకెళ్ళాను. ఆకలి లేదన్నాడు. అయినా మధ్యాహ్నం ఒంటి గంట కాగానే గోడ అవతల స్పోకుల మోత ఆగిపోతుంది. కుళాయి చప్పుడు వినిపిస్తుంది. చేతులు కడుక్కుంటాడు. ఆ తరువాత చాలాసేపు ఏ చప్పుడూ ఉండదు.