మనల్ని మార్చినవాళ్ళు

చర్చి పెద్ద డీకన్ పర్విస్ నోరు మూయించిన మనిషిని ఐడెల్లా తన జన్మలో ఒక్కదాన్నే చూసింది. ఆవిడ తన నేస్తం లవేడా టిస్‌డేల్.

ఆ ఏడు ఊళ్ళో శవాల్ని సాగనంపే కంపెనీ ఆయన చర్చికి కొత్త విసనకర్రలు ఇస్తానన్నాడు. అట్టకి ఒక పక్క ఎప్పటిలాగే కంపెనీ పేరూ, ఫోను నంబరూ. రెండో పక్క మాత్రం అమెరికాని అందరికంటే ఎక్కువగా మార్చిన పదిమంది బొమ్మలు, ఒక్కో విసనకర్రకి ఒక్కొక్కరు. ఎవరెవరో మీరే తేల్చుకోండి అన్నాడు. ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ వెనక హాల్లో వేయించిన కోడి ముందు పెట్టుకుని కూర్చుంటే, డీకన్ గారు పదిమందినీ తనే తేల్చుకొచ్చి చదివేశాడు. లింకన్, కింగ్ గారు, హారియెట్ టబ్‌మన్, ఎడిసన్, ఇంకా కొందరు. అందరూ తలూపారు. ఆకలి మీద ఉన్నారు మరి.

లవేడా ప్లేటు పక్కన పెట్టింది.

"పత్తిలోంచి గింజ తీసే మిషను చేసినాయన ఏడి డీకన్ గారూ? ఆ విట్నీ."

"ఎండదెబ్బ తగిలిందా సిస్టర్? ఆ మిషను వచ్చాకే కదా పత్తి సాగు పెరిగి, మన ముత్తాతల్ని బానిసలుగా, మందల్లా తోలుకొచ్చి ఈ అలబామా చేలల్లో పడేశారు. ఆయన మొహం దేవుడి ఇంట్లో ఊపుకోమంటారా?"

"మార్చాడా లేదా?"

"మార్చలేదు, మన బతుకులు కాల్చాడు."

"కాలిస్తే మారలేదా? మీరు చదివింది మార్చినవాళ్ళ పేర్లు. మంచివాళ్ళవి అడిగితే మా అమ్మ పేరు చెప్పేదాన్ని. వేస్తారా ఆవిడ బొమ్మ? ఆ మిషనే లేకపోతే నేనీ ఊళ్ళో పుట్టేదాన్నే కాదు, మీరా కుర్చీలో కూర్చునేవారే కాదు. మనకి నచ్చినవాళ్ళనే రాసుకుంటే అవి పెళ్ళి పిలుపులండీ."

హాలంతా నవ్వింది. డీకన్ గారు సాయానికి పాస్టరు వైపు చూశాడు. పాస్టరుకి కోడి ఎముకతో పనుంది.

"ఎడిసన్ దీపం మా ఇంటికొచ్చేసరికి నాకు పెళ్ళీడు వచ్చింది. ఆయన్ని దింపండి," అని ఐడెల్లా అందించింది. దింపి, విట్నీని ఎక్కించారు.

విసనకర్రలొచ్చాక, విట్నీ చేతికి తగిలినవాళ్ళు అట్ట తిప్పి, ఫోను నంబరు నలుగురికీ చూపిస్తూ ఊపుకునేవారు. లవేడా వెతికి మరీ ఆయన్నే తీసుకునేది.

ఈ లవేడాకి ఒకప్పుడు మొగుడుండేవాడు. ఐడెల్లా అతన్ని పేరు పెట్టి అనదు, 'ఆ డెట్రాయిట్ మనిషి' అంటుంది. కార్ల ఫ్యాక్టరీలో కుదురుకుని కబురు పెడతానని, ఇంట్లో ఉన్న ఒక్క ట్రక్కూ వేసుకుని పోయాడు. పోవడమే. ఏడేళ్ళ కూతురితో లవేడా కొన్నాళ్ళు ఐడెల్లా ఇంట్లోనే మొక్కజొన్న రొట్టె తింది. బడి బస్సులకి డ్రైవర్లు కావాలని విని వెళ్ళి నిలబడితే, ముందు స్టీరింగు ఏ వైపుంటుందో చూసి రమ్మన్నారు. ఐడెల్లా తమ్ముడి ట్రాక్టరు మీద, గడ్డి బీట్లో నేర్చుకుంది. పక్కన మడ్‌గార్డు పట్టుకుని వేలాడుతూ ఐడెల్లా.

"ఆపవే, కంచె."

"ఎలా ఆపాలి?"

"నాకేం తెలుసు? దేవుణ్ణి పిలిచే పని నేను చూస్తున్నాను, కాళ్ళ పని నువ్వు చూసుకో."

కంచె పోయింది. ఉద్యోగం వచ్చింది. ఆ తర్వాత బడికెళ్ళే వయసులో తల్లుల్నీ, ఏళ్ళు గడిచాక ఆ తల్లుల పిల్లల్నీ కూడా అదే రోడ్డు మీద మోసింది. వరండాలో పెద్దవాళ్ళు కనిపిస్తే తప్ప ఏ పిల్లనీ దించేది కాదు. ఎవరూ రాకపోతే వీధి వీధంతా బయటికొచ్చేదాకా హారన్ కొట్టేది. ఆలస్యమవుతోందని పైవాళ్ళు కసిరితే, "ఖాళీ ఇంట్లోకి వెళ్ళే పిల్ల ఎలా నడుస్తుందో మీరు చూడలేదు, నేను చూశాను," అంది.

ఇప్పుడు లవేడా గుండె అలిసిపోయింది. డాక్టర్లు ఇక మార్చడానికి మందులేమీ లేవన్నారు. కూతురు యోలాండా బర్మింగ్‌హామ్ నుంచి వచ్చి, తల్లి అడిగితేనే, అంత్యక్రియల్లో చదివే జీవితచరిత్ర రాసి వినిపించింది. పుట్టుక, బాప్తిస్మం, చర్చి, బస్సు, కూతురు. మంచం పక్కన ఐడెల్లా కేకు కోస్తోంది.

"మీ నాన్న పేరేదే?" అంది లవేడా.

"ఆయనెవరు?" యోలాండా తలెత్తలేదు. "కిటికీ దగ్గర కూర్చున్నది నేనమ్మా. రోడ్డు మీద ఏ ట్రక్కు వినిపించినా పరిగెత్తింది నేను. ఇందులో ఆయనకి చోటు లేదు."

"బాగా చెప్పావు తల్లీ," అంది ఐడెల్లా.

డీకన్ గారికి పడ్డట్టు ఇప్పుడు ఈ పిల్లకి పడుతుందనుకుంది. లవేడా "సరేలే, నీ ఇష్టం," అని కళ్ళు మూసుకుంది. యోలాండా మందులకని కారు తీసుకుని వెళ్ళింది.

"ఓడిపోయావే," అంది ఐడెల్లా.

"వదిలేశాను. డీకన్ గారికి కోపం నోట్లో ఉంటుంది. దీని కోపం ఏడేళ్ళ పిల్లది. దాన్ని గెలిచి ఏం చేసుకుంటాను?" కాసేపు ఊపిరి తీసుకుంది. "నన్ను సాగనంపే రోజు రెండు నిమిషాల మాటలుంటాయి కదా, ఎవరైనా లేచి చెప్పొచ్చు. నువ్వు లే."

"నన్ను రెండు నిమిషాల్లో కూర్చోబెట్టే పాస్టరు ఇంకా పుట్టలేదు."

"అందుకే నిన్నడుగుతున్నాను. ఆయన పేరు చెప్పు."

ఐడెల్లా చేతిలో కత్తి ఆగింది. "ఆ మనిషి పేరా? నా నోటితోనా? ఇంకా ప్రేమ చావలేదా నీకు?"

"ఎప్పుడో చచ్చింది. ఆయన పోకపోతే నేను జన్మంతా పక్క సీట్లో కూర్చునేదాన్ని. అది రాసింది వింటే నాకా బస్సు ఆకాశంలోంచి ఊడిపడ్డట్టుంది."

"యోలాండా మళ్ళీ నా గడప తొక్కదు. నేను పెంచిన పిల్ల."

"తెలుసు. ఊరికే అడగడం లేదు."

"ఆ పేరు కాగితం మీద రాసిచ్చినా నేను చదవలేను."

"నిన్ను చదవమన్నదెవరు? దాని కాగితం దానిది, నీ రెండు నిమిషాలు నీవి. తిట్టొద్దు, పొగడొద్దు. హర్షెల్ టిస్‌డేల్ అనే ఆయన ఉండేవాడు, ట్రక్కు తీసుకుని వెళ్ళిపోయాడు, అప్పుడు లవేడా తోలడం నేర్చుకుంది అను. అని, వెళ్ళి యోలాండా పక్కన కూర్చో. అది లేచి పోతే వెంట పో. కానీ ముందు పేరు చెప్పు." లవేడా కళ్ళు తెరిచింది. "ఏదీ, ఇప్పుడొకసారి అను. వింటాను."