నూట పది టైరు

తార్నాకలో యోహానుది చిన్న టైర్ల దుకాణం. ఇరవై ఆరేళ్లుగా బైకు టైర్లు విప్పడం, ఎక్కించడమే అతని పని. ఎవరొచ్చినా ముందు బండి రిమ్ము చూస్తాడు, తర్వాతే మనిషి మొహం చూస్తాడని భార్య రాజశ్రీ నవ్వేది.

కూతురు ప్రవళిక యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతోంది. మాణికేశ్వర్ నగర్‌లోని ఇంటి నుంచి క్లాసులకు తన బైకు మీదే వెళ్లేది. నగరం బయట ఒక పాత రన్‌వే మీద ఏటా ఔత్సాహికులకు డ్రాగ్ పోటీలు పెడతారు. పావు మైలు తిన్నని దారి, ఒక్కో పరుగుకు ఇద్దరే. మామూలు రోడ్డు టైర్లతోనే రావాలని నియమం. ఆ ఏడాది అమ్మాయిల పోటీకి ప్రవళిక పేరిచ్చింది.

"డాడీ, వెనుక టైరు ఏ సైజు వేద్దాం?" అని అడిగిన రోజు యోహాను కంచంలో చేయి పెట్టుకునే గంటసేపు మాట్లాడాడు.

ఆరు నెలలు ప్రతి ఆదివారం చర్చి అయ్యాక ఇద్దరూ క్యాంపస్ రోడ్డుకు వెళ్లేవారు. కంపెనీ ఇచ్చింది నూట ఇరవై మిల్లీమీటర్ల వెడల్పు టైరు. నూట ముప్పై వేస్తే బండి బరువెక్కింది. నూట నలభై వేస్తే ఆ సన్నని రిమ్ములో అంచులు నొక్కుకుపోయి నడుమ ఉబ్బింది. చూడటానికి లావు, నేలకు ఆనేది మాత్రం సన్నని చార. చివరికి నూట పది వేశారు. ప్రవళిక దాని మీద సుద్దగీత పెట్టి, బండిని సరిగ్గా ఒక చుట్టు నెట్టి, టేపుతో కొలిచింది.

"చుట్టుకు ఐదు సెంటీమీటర్లు తక్కువ పోతున్నది డాడీ. స్టార్టింగ్‌ల జల్ది లేస్తది."

"చివర్ల ఇంజన్ మొత్తుకోదా?"

"పావు మైలుకు సరిపోతది. లెక్క చూసిన."

అంతకుముందు వాళ్లిద్దరూ అంతగా మాట్లాడుకున్నది లేదు.

పోటీకి నాలుగు రోజుల ముందు విజయశ్రీ అనే అమ్మాయి దుకాణానికి వచ్చింది. అదే మోడల్ బండి, అదే పోటీ.

"నూట నలభై వేయండి అంకుల్. గ్రిప్ ఎక్కువుంటుందటగా."

"వద్దమ్మా. నీ రిమ్ముకు పట్టదు."

"మరి ఏది వేయాలండీ? టైర్ల గురించి మీకు తెలిసినంత ఎవరికీ తెలీదంటున్నారు."

ఆ మాటతో యోహాను లేచి నూట పది తెచ్చాడు. అది ఎందుకు మంచిదో, చుట్టుకు ఎంత తక్కువ పోతుందో కూడా విడమరిచి చెప్పాడు.

ఫైనల్లో మిగిలింది వాళ్లిద్దరే. చక్రమంత తేడాతో విజయశ్రీ గెలిచింది. ప్రవళిక వెళ్లి చేయి కలిపింది. వంగి ఆ బండి టైరు మీది అంకె చదివింది.

"మీ నాన్నగారే చెప్పారు" అంది విజయశ్రీ సంతోషంగా.

ఇంటికొచ్చాక ప్రవళిక అడిగింది.

"ఎందుకు చెప్పినవ్ డాడీ?"

"తప్పు టైరు ఎట్ల ఎక్కిస్త బిడ్డా? పడిపోతే?"

"కంపెనీది నూట ఇరవై ఉండె కదా. అది తప్పా?"

నూట ఇరవై ఆ రోజు చేతికందేంత దూరంలోనే ఉంది. "యాదికి రాలే" అన్నాడు యోహాను.

ప్రవళిక బండి తాళం బల్ల మీద పెట్టింది. "ఓడిపోయినందుకు కాదు డాడీ. అది మనిద్దరిదనుకున్న."

నెల తిరగకముందే అడిక్‌మెట్‌లో స్నేహితురాళ్ల గదికి మారింది. తల్లికి ఫోన్ చేస్తుంది. ఆమె ఫోను తండ్రికి ఇవ్వబోతే క్లాసుందంటుంది.

మొన్న వానల్లో రాజశ్రీ వండిన కూర గిన్నెతో యోహాను క్యాంపస్‌కు వెళ్లాడు. డిపార్ట్‌మెంట్ ముందు కూతురి బండి ఉంది. వెనుక టైరు కొత్తది. అతను ఎక్కించింది కాదు.

ప్రవళిక మెట్లు దిగి వచ్చింది.

"టైరు మార్చినవా బిడ్డా?"

"పాతది పగిలింది. కాచిగూడల ఏపిచ్చిన."

"మళ్ల పోటీకి..."

"ఇడిసిపెట్టిన డాడీ."

యోహాను గిన్నె అందించాడు. చేతులు ఖాళీ అయ్యాక వాటినేం చేయాలో తెలియలేదు.

"ఆ పిల్ల నన్ను పొగిడింది బిడ్డా. నేను పొంగిపోయిన. అందుకే చెప్పిన."

ప్రవళిక కళ్లు నిండాయి. "నాకు తెలుసు డాడీ. ఈ మాట ఆ రోజే చెప్పకపోతివి."

క్లాసుందని చెప్పి గిన్నెతో మెట్లెక్కింది. యోహాను కాసేపు వానలోనే నిలబడ్డాడు. తర్వాత బస్సెక్కకుండా తార్నాక దాకా నడిచాడు.