బయ్యూమీ బిగించిన జాలీ

కైరోలో అందరూ ఉస్తా అని పిలిచే వడ్రంగి మేస్త్రి బయ్యూమీ చెక్క జాలీలకు పెట్టింది పేరు. ఆ సంగతి అందరికంటే ఆయనకే బాగా తెలుసు. పాత సినిమాలు దాచే ఆఫీసులో జనం కూర్చునే హాలు చేసిపెట్టమంటే మారుమాట లేకుండా ఒప్పుకున్నాడు. అక్కడున్న ఒక రీలులో, ముప్పై ఏళ్ల కిందటి బడి ఊరేగింపులో, ఆయన కూతురు నగ్లా జెండా పట్టుకుని నడుస్తుంది. మరుసటేడే జ్వరంతో పోయింది. హాలు తెరిచే రోజు మొదటి ఆట అదేనని ఆఫీసు పెద్ద రాగియా మేడమ్ మాటిచ్చింది.

హాలుకీ రీళ్లుండే చల్లగదికీ మధ్య కిటికీ ఉంది. దానికి గాజు బిగించమంది మేడమ్.

"గాజెందుకమ్మా? మందుల షాపనుకుంటారు."

"చెప్పింది చెయ్యి ఉస్తా. లోపలి చల్లదనం పోకూడదు."

తర్వాత మేడమ్ ఆపరేషన్ చేయించుకుని నాలుగు నెలలు రాలేదు. గాలాడని చోటికి మనిషెలా వస్తాడు అనుకున్నాడు బయ్యూమీ. తాతల కాలం నుంచీ తమ పనే గాలికి దారివ్వడం. గాజును పక్క గోడకు ఆనించి పెట్టేసి, కిటికీకి తన చెక్క జాలీ బిగించాడు. చల్లగాలి హాలంతా పరుచుకుంటే చూసినవాళ్లు ఆయన చేతులు మెచ్చుకున్నారు. ఆయన మురిసిపోయాడు. వేసవి వేడంతా అదే దారిన లోపలికి పోయింది.

మేడమ్ తిరిగొచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఈ పులుపు వాసన ఎన్నాళ్లుగా వస్తోంది?"

"నెలైందేమో. ఎవరో ఊరగాయ తెచ్చుకుంటున్నారనుకున్నాం," అన్నాడు ఆఫీసు గుమాస్తా.

మేడమ్ డబ్బాలు తీయించింది. ముందే బలహీనంగా ఉన్న రీళ్లు వేడికి కుళ్లి, ఆ పులుపు వాసన కొడుతూ, బెరడులా వంకర తిరిగిపోయాయి. ఊరేగింపు రీలు ముట్టుకుంటే పొడైంది. ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది బయ్యూమీకి. బిడ్డను ఒకసారి జ్వరం తీసుకుపోయింది, రెండోసారి తనే చేతులారా చంపుకున్నాడు.

తెరిచే రోజు దాకా ఇంట్లో చెప్పడానికి నోరు రాలేదు. ఆయన భార్య ఇన్సాఫ్ పండగ బట్టలు కట్టుకుని, అందరికంటే ముందే వచ్చింది. ఆమె మోకాళ్ల నొప్పి తలుచుకుని ఆయన ఎత్తు పెంచి చేసిన బల్ల మీద కూర్చుని, ఖాళీ తెరకేసి చూసింది.

"ఎప్పుడు మొదలెడతారు అబూ నగ్లా?" అంది. నగ్లా తండ్రి అని ఆయన్ని ఇప్పటికీ అలాగే పిలుస్తుంది.

ఆయన పక్క బల్ల మీద దుమ్ము తుడిచాడు. ఆమె ముసుగు సర్దుకుని జాలీ వైపు తిరిగింది.

"గాలి ఎంత హాయిగా వస్తోందో. ఇది నీ పనేనా?"

"నా పనే," అన్నాడు బయ్యూమీ.