నిండుకున్నాయి

ఊళ్ళో మా పక్కింటి అత్త పోయిందని పొద్దున్నే ఫోనొచ్చింది. రాజాంలో కూలీల సభకి బయలుదేరినవాణ్ణి, దారి మార్చి బొబ్బిలి బస్సెక్కాను. తలలో నరం చిట్లిందన్నారు. బీపీ మాత్రలు మానేసిందట. మానేయలేదు, అయిపోయాయి. ఈ రెంటికీ తేడా ఎవరికి కావాలి?

మాకు చుట్టరికం లేదు, గోడ ఒకటే. ఆవిడ ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళేది. నాకు దేవుడితో పేచీ. అయినా నన్ను అల్లుడా అని పిలిచేది, పిల్లనిచ్చినంత అధికారంతో తిట్టేది.

నాట్ల కూలి దొరకని రోజుల్లో కూడా ఆ ఇంట్లో ‘లేదు’ అన్న మాట వినపడేది కాదు. బియ్యం అయిపోతే ‘నిండుకున్నాయి’ అనేది. మన ఇళ్ళన్నిట్లో ఉన్న మాటే. డబ్బా అడుగు కనబడుతుంటే నిండిందని చెప్పుకోవడం! నాకా మాటంటే మంట. ఆకలికి పట్టుచీర కట్టడం కాదూ ఇది? ఉన్నవాడి నిద్ర చెడకుండా లేనివాడు నేర్చుకున్న మర్యాద కాదూ?

ఓ ఎండాకాలం అడిగేశాను. “లేనిది లేదని అరవకపోతే ఎవడిస్తాడత్తా?”

“నువ్వరుస్తన్నావు కదరా, పేపర్లో కూడా ఏసినారు. ఏటిచ్చినారు?” అంటూ చోడి అంబలి కుండలో ఇంకో చెంబుడు నీళ్ళు పోసింది. ఎండకి తాళలేక అరుగు మీద కూలబడ్డ కూలీల కోసం.

“పలచనైపోతుంది.”

“అయితే ఏటి? అందరికీ వస్తాది. లేదు లేదంటే ఆ మాట కడుపులో కూకుండిపోతాది రా అల్లుడా. మరి లెగదు. ముందు తాగు, తరవాత దెబ్బలాడు.”

గ్లాసు నోటి దగ్గరుంటే వాదించడం కష్టం. ఆవిడకది తెలుసు.

వండే ముందు చర్చికని గుప్పెడు బియ్యం తీసి ముంతలో వేసేది. ఇంట్లో గంజి కాస్తున్న రోజున కూడా. “నీకే లేవు, ఆయనకెందుకు?” అంటే నవ్వేది. “పెట్టినోల్లు లేనోల్లెలాగవుతార్రా?”

దీనికి నా దగ్గర సిద్ధాంతం ఉంది. ఆ ముంత ముందు మాత్రం అది పనిచెయ్యదు.

సంతాప ప్రార్థనలో కోటు వేసుకున్న వక్త ఒకాయన, “సమృద్ధిగా ఆలోచిస్తే సమృద్ధే వస్తుంది, ఈ తల్లే సాక్ష్యం” అన్నాడు. లేచి నిలబడ్డాను. రాలేదయ్యా, అంబలి పలచబడింది, మనిషి పోయింది అని అరవాలి. చుట్టూ చూశాను. ఆ పలచని అంబలి తాగినవాళ్ళే అందరూ, కళ్ళు తుడుచుకుంటున్నారు. నేనూ తాగినవాణ్ణే. కూర్చుండిపోయాను.

మర్నాడు అత్త ఇల్లు సర్దుతుంటే ఆరోగ్య కేంద్రం నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఇంటింటికీ మాత్రలు తెచ్చే పిల్ల, కొత్తగా చేరింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి.

“మాత్రలున్నాయా మామ్మా అని అడిగాను సార్. నిండుకున్నాయి తల్లీ అంది. సరే మామ్మా, మళ్ళీ నెల వస్తానన్నాను. ఉండి కూడా ఎందుకు వేసుకోలేదు సార్?”

హాస్టళ్ళలో చదువుకున్న పిల్ల. వంటింటి మాట ఆమె చెవిన ఎవరు వేస్తారు? మాత్రలున్నాయని ఈమె అనుకుంది, ఈమె తెస్తుందని అత్త అనుకుంది. అడగకుండానే మందు ఇంటికి చేర్చలేని ఏర్పాటు మీద రేపు అరుస్తాను, అరవక మానను. ఈ పిల్లకి మాత్రం ఏం చెప్పను? చెప్పకపోతే ఇంకో గుమ్మంలో ఇంకో మామ్మ అదే మాటంటుంది.

బియ్యం డబ్బా మూత తీసి చూపించాను. “దీన్ని నిండుకోవడం అంటారమ్మా.”

ఖాళీ డబ్బాలోకి వంగి చాలాసేపు చూసింది. అర్థమైంది, నా చేతిలోంచి మూత తీసుకుని పెట్టేసింది. పక్కనే గూట్లో చర్చి ముంత ఉంది. అంచు దాకా బియ్యం.

“మరి దీన్నేమంటారు సార్?” అంది.

ముంత గూట్లో అలాగే ఉంది.