కాశయ్య చిన్న, కాశయ్య పెద్ద

మా కొట్టులో కాశయ్యలు ఇద్దరున్నారు. ఒకరు కాశయ్య చిన్న, ఇంకొకరు కాశయ్య పెద్ద. ఇద్దరూ రెండో అరలో డబ్బాల్లో ఉంటారు. నవ్వకండి, కాస్త చెప్పనివ్వండి.

ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు మీద బోరు మోటార్ల విడిభాగాలు అమ్మే కొట్టు మాది. మాది అంటున్నాను గానీ యజమాని బాలనర్సింహ సేటు. నా పేరు సంజీవ. ఇరవై రెండేళ్లుగా కౌంటర్ దగ్గర నిలబడి సామాను తీసి ఇచ్చేది నేనే. నాకు నోటి దురుసు ఎక్కువని అందరూ అంటారు. పొద్దస్తమానం చేతులకు గ్రీజు పూసుకుని ఉండేవాడి నోట్లోంచి పన్నీరు కారుతుందా? సరే, ఈ కథ నాది కాదు, రేణుకది.

రేణుక పుట్టిల్లు కొంగరకలాన్. పదో తరగతి పాసైంది. పెళ్లయి ఇక్కడికి వచ్చాక, ఇరవై రెండేళ్ల వయసులో, మా కొట్టు ఊడ్చి నీళ్లు పట్టే పనికి చేరింది. అది రెండు వేల ఆరు. ఆ ఏడే సేటు కంప్యూటర్ కొన్నాడు. నల్ల తెర, తెల్లటి అక్షరాలు, మౌసు ఊసే లేదు, అన్నీ మీటలు నొక్కడమే. దాన్ని నడపడానికి పెట్టుకున్న ఆపరేటర్ నెల తిరక్కుండానే చెప్పాపెట్టకుండా మాయమయ్యాడు. సేటు తల పట్టుకుని కూర్చుంటే, మూల నుంచి చీపురు చేతబట్టుకునే రేణుక, "సేటూ, ఎఫ్ టూ ఒత్తితె బిల్లు వస్తది" అంది. ఊడుస్తూ ఊడుస్తూ నెలంతా వాడి వేళ్లనే చూసిందట! ఆ మర్నాటి నుంచి చీపురు వేరేవాళ్ల చేతికి పోయింది.

సామాన్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించే పని ఆమె మీదే పడింది. అందులో ఒక్కో పేరుకు ఉన్న జాగా జానెడు, కంపెనీ పేర్లేమో చాంతాడంత. "నీకు యాదికి ఉండేటట్టు ఏదో ఒకటి రాస్కో బిడ్డా" అన్నాడు సేటు. ఆమెకు యాదికి ఉండేది మనుషులు. ఏ సామాను కోసం మొదట ఎవరు వచ్చి అడిగితే దానికి వాళ్ల పేరే పెట్టేసింది. మోటారులో వేసే బుష్షు కోసం వచ్చిన రైతు పేరు కాశయ్య. అందుకని చిన్న సైజు బుష్షు 'కాశయ్య చిన్న', పెద్దది 'కాశయ్య పెద్ద'. మోటారు అడుగున ఉండే ఒక రకం బేరింగు 'మైసమ్మ కందుకూరు' అయింది. మెకానిక్ బాలేష్ ఒక వాల్వు అయ్యాడు.

బిల్లుల మీద అవే పేర్లు అచ్చయ్యేవి. చూసి చూసి మెకానిక్‌లు కూడా అలాగే అడగడం నేర్చుకున్నారు. "నాలుగు కాశయ్య చిన్నలియ్యి" అంటే నేను వెనక్కి తిరక్కుండానే చెయ్యి పెట్టి తీసేవాణ్ని. కాశయ్య అయితే ఒక బిల్లు పట్టుకుపోయి ఊరంతా చూపించుకున్నాడు. అలా పద్దెనిమిదేళ్లు నడిచింది.

పోయిన వేసవిలో సేటు కొడుకు దయాకర్ కొట్టు చూసుకోవడం మొదలుపెట్టాడు. చదువుకున్నవాడు, మంచివాడు కూడా, కాకపోతే బిల్లు మీద మొత్తమే చూస్తాడు గానీ పేర్లు చదివే రకం కాదు. పాత సాఫ్ట్‌వేర్ చేసిన కంపెనీ ఏనాడో మూతపడింది. కంప్యూటర్ చెడిపోతే బాగుచేసేవాడు లేడు, జీఎస్టీ బిల్లు కావాలంటే పక్క వీధికి పరుగెత్తాలి. "ఈ నల్ల తెరను ఇగ మార్చాలె" అన్నాడు దయాకర్. అంతవరకు న్యాయమే. ఆ తర్వాత అన్న మాటే మా గుండెల్లో రాయి పడేసింది.

"తుర్కయాంజాల్ల ఒక పిల్ల ఉంది, కంప్యూటర్ డిప్లొమా చేసింది. వచ్చే నెల సంది వస్తది. రేణుకక్క సంగతి ఏం చెయ్యాల్నో తర్వాత చూద్దాం."

చూద్దాం అంటే ఏమిటో నాకు తెలియదా? ఆ మధ్యాహ్నం రేణుక టిఫిన్ డబ్బా మూత కూడా తీయలేదు.

"ఇంటికాడ నేను ఫలానోళ్ల కోడల్ని, ఫలానోళ్ల అమ్మను. ఈడికొస్తెనే రేణుకను" అంది నాతో. "నన్ను పంపిస్తె ఎట్లనే అన్నా?"

నాకు దయాకర్ మీద ఒళ్లు మండిపోయింది.

కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టడానికి సిటీ నుంచి వినోద్ కుమార్ అనే కుర్రాడు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో గుర్తింపు కార్డు. పాత లిస్టు తీసి చూస్తూ చూస్తూ పకపకా నవ్వాడు.

"సార్, మీ సామాన్ల లిస్టులో ఎవరో కస్టమర్లను కలిపేశారు. కాశయ్య, మైసమ్మ, బాలేష్... మూడు వందల పన్నెండు మంది ఉన్నారు. వీళ్లందర్నీ తీసి కస్టమర్ల లిస్టులో వేసేస్తాను."

వెనకాల నిలబడ్డ రేణుక నోరు తెరిచింది. నేను గబుక్కున ఆమెను పక్కకు పిలిచాను. "చెప్పకు! నువ్వు లేకుంటె ఏమైతదో వీళ్లకు తెల్వనియ్యి" అన్నాను. ఆమె తెరిచిన నోరు మూసుకుంది. ఆ వెధవ సలహా నాదే, ఒప్పుకుంటున్నాను. సేటు ఏదో పెళ్లికని ఊరెళ్లి ఉన్నాడు. మూడు రోజులు ఆ కుర్రాడు మా బుష్షుల్నీ వాల్వుల్నీ మనుషుల్ని చేస్తుంటే ఇద్దరం గుడ్లప్పగించి చూశాం. రేణుక ముఖం రోజురోజుకీ పీక్కుపోయింది.

నాలుగో రోజు కొత్త కంప్యూటర్‌కు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. పాతదాని మీద గుడ్డ కప్పారు. "ఇయ్యాల్టి సంది కంప్యూటర్ల బిల్లు కాంది ఒక్క నట్టు కూడ బయటికి పోవద్దు" అని దయాకర్ ఆర్డరేశాడు. చిత్తం అనుకుని నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను.

పదకొండింటికి కందుకూరు అవతలి నుంచి మాణిక్యమ్మ అనే ముసలామె ఆటో దిగింది. చెమటలు కక్కుతోంది. మెకానిక్ రాసిచ్చిన చీటీ నా ముందు పెట్టింది.

"జల్దీ ఇయ్యి కొడుకా. మోటరు పైకి గుంజి పెట్టిన్రు. మధ్యాహ్నంలోపట దింపకుంటె వాళ్లు వేరే ఊరికి పోతరట, మల్ల నాలుగొద్దులకు గాని రారు. టమాట నారు నిన్ననే పెట్టినం, ఎండిపోతది."

చీటీలో 'మైసమ్మ కందుకూరు' అని ఉంది. డబ్బా నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. నేను చీటీ తీసుకెళ్లి వినోద్ కుమార్ ముందు పెట్టాను. అతను టకటకా కొట్టాడు.

"సామాన్లలో లేదు. ఆ... ఇదిగో! ఈవిడ మన కస్టమర్. కానీ ఇంతవరకూ ఏమీ కొనలేదు. ఒకసారి ఫోన్ చేసి రమ్మందామా?"

మాణిక్యమ్మ నోరు తెరిచింది. "మైసమ్మ మా అత్త! పోయి ఆరేండ్లాయె. యాడికి ఫోన్ చేస్తవ్ బిడ్డా?"

బయట నిలబడ్డ మెకానిక్‌లు గొల్లున నవ్వారు. నేనూ నవ్వబోయాను. ముసలామె మాత్రం నవ్వలేదు. "అయితె లేదా? నారు పాయె గదా నాయినా!" అంటూ కూలబడి కొంగుతో కళ్లు తుడుచుకుంది. నాకు సిగ్గేసింది. నా చేతులు వాటంతటవే విడిపోయాయి. కానీ నాకంటే ముందు రేణుక కదిలింది. డబ్బాలోంచి బేరింగు తీసుకొచ్చి ఆమె చేతిలో పెట్టింది. తర్వాత దయాకర్ వైపు తిరిగింది.

"మైసమ్మ మనిషి గాదు సార్, బేరింగు. కస్టమర్లు అనుకునే గా మూడొందల మంది అందరు సామాన్లే. పేర్లు పెట్టింది నేను. మూడు దినాల సంది చూస్తనే ఉన్న, చెప్పలే. చెప్తె నాతోని పని తీరిపోతది, ఇంటికి పంపుతరు అని భయమైంది. తప్పు నాదే. ఇప్పుడు పంపినా ఏమనను. గీ పెద్దమనిషి నారు ఎండొద్దు."

నా పేరు ఎత్తలేదు చూడండి! ఇక ఊరుకుంటే నేను మనిషినే కాదు. "చెప్పొద్దని నేనే అన్న" అన్నాను.

"గిసుంటి తెలివి నీదే ఉంటది, నాకెరికే" అన్నాడు దయాకర్. అతని ముఖం ఎర్రబడింది. కోపమో, సిగ్గో ఆ క్షణాన తెలియలేదు. "ముందుగాల ఆమెను ఆటో ఎక్కియ్యి. బిల్లు తర్వాత."

ఆటో ఎక్కుతూ మాణిక్యమ్మ వెనక్కి తిరిగి, "మా అత్త బతికున్నన్ని దినాలు ఎవలకూ లొంగలే, కంప్యూటర్‌కు లొంగుతదా!" అంది. ఆ మాటకు దయాకర్‌కు కూడా నవ్వు ఆగలేదు.

ఆ మధ్యాహ్నం మా కొట్టులో జరిగింది పని కాదు, జాతర. రేణుక స్టూలు లాక్కుని వినోద్ కుమార్ పక్కన కూర్చుంది. అతను ఒక్కో పేరు చదవడం, ఈమె అదేమిటో చెప్పడం. సామాను పేరుతో ఆగితే బాగుండు! ఆ మనిషి ఎవరు, ఏ ఎండాకాలం వచ్చాడు, ఎంత బేరమాడాడు, అన్నీ చెప్పేది. కొత్త సాఫ్ట్‌వేర్‌లో 'ఇతర పేరు' అని ఒక గడి ఉందట. కంపెనీ పేరు దాని జాగాలో పెట్టి, మా మనుషుల్ని ఆ గడిలో కూర్చోబెట్టాడు. ఏది వెతికినా దొరుకుతుంది.

"కాశయ్య చిన్న?"

"బుష్షు."

"ముత్యాలు?"

"సీలు. నల్లది."

"భూపాల్?"

"అయ్యో, ఆయన నిజంగనే మనిషి, మన పాత కస్టమరు! తియ్యకు తమ్మీ!"

మెకానిక్‌లు బేరాలు మానేసి గుమ్మంలో గుంపుగా నిలబడ్డారు. ఒక్కో పేరుకు ఒక్కో కేక. బాలేష్ అయితే తన వాల్వు పేరు రాగానే అందరికీ చాయ్ తెప్పించాడు. సాయంత్రం ఐదయ్యేసరికి మూడు వందల పదకొండు మంది మళ్లీ సామాన్లయ్యారు. వినోద్ కుమార్ చివరి పేరు చదివాడు.

"రేణుక. స్టాక్ ఒకటి. మేడం, ఇదేం సామాను?"

రేణుక గడగడా చెప్పడం ఆపేసి తల వంచుకుంది. నాకూ తెలియదు. అప్పుడే ఊరి నుంచి వచ్చి మూల కూర్చున్న బాలనర్సింహ సేటు గొంతు సవరించుకున్నాడు.

"అది కుర్చీ. ఊడ్శేదాన్ని, మీ ముంగట ఎట్ల కూసోవాలె అని వారం దినాలు నిలబడే బిల్లులు కొట్టింది. ఆఖరుకు కాళ్లు గుంజుతున్నయి, ఒక కుర్చీ ఇప్పియ్యి సేటూ అని అడిగింది. కొన్న. లిస్టుల రాస్కొమ్మన్న. అడిగింది తనే గదా, తన పేరే రాసింది."

అదేదో కాదు, పాత కంప్యూటర్ ముందున్న ఇనప కుర్చీ. చేతుల దగ్గర రంగంతా పోయింది. అందరం దానివైపు చూశాం.

"దీనికి రేటెంత పెట్టాలి సార్?" అడిగాడు వినోద్ కుమార్, పాపం తన ధోరణిలో.

దయాకర్ తనే లేచి, ఆ కుర్చీని ఎత్తుకొచ్చి, కొత్త కంప్యూటర్ ముందు వేశాడు.

"అది అమ్మేది గాదు. లిస్టులకెళ్లి తీసెయ్" అన్నాడు. "తుర్కయాంజాల్ పిల్లకు రావద్దని నేను ఫోన్ చేస్త. రేణుకక్కా, కూసో."

రేణుక భోరున ఏడ్చింది. ఏడుస్తూనే కూర్చుంది. నేనూ ఏడ్చాను, అందులో దాచేదేముంది? తర్వాత ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, "తమ్మీ, గీ మౌసు ఎట్ల పట్టుకోవాల్నో జర చూపియ్యి" అంది వినోద్ కుమార్‌తో.